జానయ్య మడిలో పెట్టె

న్యూఢిల్లీ,
9 జూలై 1991

హసీనా ఆపాకు,

నీ తమ్ముడు లియాఖత్ సలాం. అమ్మీకి విడిగా ఉర్దూలో ఒక కార్డు రాశాను, అందులో అంతా క్షేమమే ఉంటుంది. అసలు సంగతులు నీకు ఇట్లా తెలుగులో రాస్తాను. అమ్మీకి తెలుగు చదవడం రాదు. మీ ఆయనకు, మా దుల్హాభాయికి, మాట వచ్చుగానీ అక్షరం రాదు. ఆయనకు చెప్పవలసింది నువ్వే చదివి చెప్పు.

జెనీవా నుంచి వచ్చి వారం దాటింది. భూమి వేడెక్కుతున్నదట. అందుకని దేశాలన్నీ కలిసి ఒక ఒప్పందం రాసుకోవాలని కూర్చున్నాయి. మా శాఖ నుంచి పెద్దలు వెళ్లారు, వాళ్ల కాగితాలు మోయడానికి నేనూ వెళ్లాను. కాగితాలు మోసేవాడికి ఒక సుఖం ఉంది, అన్ని గదుల్లోకీ పోవచ్చు. ఏ గదిలో చూసినా ఒకటే కొట్లాట. పొగ ఊదింది ఎవరు, ఖర్చు భరించాల్సింది ఎవరు. ఒప్పుకోని మాట చుట్టూ బ్రాకెట్లు గీస్తారు. మేం లేచి వచ్చేసరికి ఒప్పందమంతా బ్రాకెట్లలోనే ఉంది.

ఒక పెద్ద దేశం వాళ్లు అందరికీ ఒక పుస్తకం పంచారు. అందులో వాళ్ల కార్ల పొగ పక్కన మన వరి మళ్లను, మన బర్రెలను కూర్చోబెట్టారు. నీళ్లు నిలిచిన మడిలో బురదలోంచి బుడగలు వస్తాయి చూడు, ఆ గ్యాసు కూడా భూమిని వేడి చేస్తుందట. బడిలో సైన్సు చెప్పేదానివి, నీకు నేను చెప్పాలా. మన దగ్గర అది ఎంత వస్తున్నదో ఎవరూ సరిగా కొలవలేదు. ఎక్కడో చల్లటి దేశంలో నాలుగు మళ్లు కొలిచి, దాన్ని మన మళ్లన్నిటికీ హెచ్చవేసి, మీరూ మాతో సమానంగా దోషులే అంటున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది ఆపా. మన పాలమూరు జనం ఇంట్లో బల్బు కూడా లేకుండా దేశాల మీద పడి మట్టి మోస్తున్నారు. వాళ్లు తినే పిడికెడు అన్నం మీద లెక్క రాస్తారా?

అందుకే మనమే కొలవాలని నిర్ణయమైంది. చాలా రాష్ట్రాల్లో కొలుస్తున్నాం. మన ఊరి చెరువు కింద కూడా ఒక మడి కావాలని నేనే చెప్పాను. పని దుల్హాభాయికి అప్పగించమని హైదరాబాద్ వాళ్లకు చెప్పిందీ నేనే. రేడియోలు బాగుచేసే చేతులు, తొందర పడవు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పు ఆయనకు. ఆ పెద్ద దేశం వాళ్లు తమ మనుషులను పంపి ఇక్కడ కొలుస్తామంటున్నారు. మా పెద్దలు ససేమిరా అన్నారు. మన లెక్క మన చేతికి వచ్చేదాకా ఎక్కడ కొలుస్తున్నామో, ఎవరు కొలుస్తున్నారో బయటికి పొక్కకూడదు. కాగితం మీద ఏమీ ఉండదు, అంతా నోటిమాటే. ఎవరైనా అడిగితే వరికి కొత్త మందు పరీక్ష అని చెప్పమను. నా పేరు అసలే వద్దు.

లియాఖత్

*

మల్లాయపల్లి, కొల్లాపూర్ దగ్గర,
25 ఆగస్టు 1991

లియాఖత్‌కు,

నువ్వు క్షేమమని నీ కార్డు చెప్పింది, కాదని నీ ఉత్తరం చెప్పింది. రెండూ అందాయి. అమ్మీ నీ కార్డును కళ్లకద్దుకుని, మళ్లీ నీ ఉత్తరం కూడా చదవమని నా ఎదుట కూర్చుంది. జెనీవాలో చలిగా ఉందట, స్వెట్టరు వేసుకున్నాడట అని చెప్పాను. జూలైలో స్వెట్టరు ఏమిటని ఆమె అడగలేదు, బతికిపోయాను.

హైదరాబాద్ నుంచి ఇద్దరు వచ్చి, తమ పేరూ ఆఫీసూ చెప్పకుండానే ఈయనకు పని నేర్పి పోయారు. అద్దంలాంటి ప్లాస్టిక్ పెట్టె, అడుగు ఉండదు. దాన్ని వరి కుదుళ్ల మీద బోర్లించాలి. లోపల చిన్న ఫ్యాను, దానికి బ్యాటరీ, ఒక ఎర్ర తీగ, ఒక నల్ల తీగ. పైన రబ్బరు బిరడా. దాంట్లోకి సూది గుచ్చి, సిరంజీతో గాలి గుంజి, సీసాల్లోకి ఎక్కించాలి. సీసాలను పొట్టులో సర్ది మహబూబ్‌నగర్ పంపితే అక్కడి నుంచి రైల్లో మీ ఢిల్లీకి. రేడియోల గులాం నబీ చివరికి బురదకు ఇంజెక్షన్లు చేసే డాక్టరయ్యాడు. నవ్వితే కోపం ఒకటి.

మడి జానయ్యది. పెద్ద తూముకు దగ్గర, నీళ్లకు కొదవ లేదు. మొదటి రోజే గట్టు మీద జాతర. జానయ్య భార్య యాదమ్మ అడిగింది.

"గులాం బాయీ, గీ డబ్బ ఏందే?"

"వరి మందు పరీక్ష."

"మందేడ కొడ్తున్నవ్? గాలి గుంజుకుంట కూసున్నవ్ గద."

ఈయన సిరంజీ తుడవడం మొదలుపెట్టాడు. చెరువు నీళ్లు పంచే నీరటి ఐలేశం ఉన్నాడు కదా, ఊరికి నీళ్లే కాదు పుకార్లు కూడా వంతులవారీగా అతనే వదులుతాడు. "మందు లేదు, మన్ను లేదు. ఎవని మడిల ఎన్ని నీళ్లున్నయో సర్కారు లెక్క తీస్తాంది. రేపు తీరువ పెంచుతరు, సూడుండ్రి" అన్నాడు. ఆ మాట అందరికీ నచ్చింది. మనవాళ్లకు సర్కారు మేలు చేస్తుందంటే నమ్మకం కుదరదుగానీ, పన్ను వేస్తుందంటే వెంటనే కుదురుతుంది. జానయ్య పెట్టె తీసెయ్యమన్నాడు. నేను పోయి, తీరువ పెరిగితే నా జీతంలోంచి కడతానని ఒప్పించి వచ్చాను.

నిజం చెబితే ఏం పోతుందని ఈయన్ని అడిగాను. "మాటిచ్చిన. సాలాకు, సొంత బామ్మర్దికి మాటిచ్చినంక కలెక్టర్ అడిగినా గదే చెప్త" అన్నాడు. నీ మీద ఆయనకున్న గౌరవం నాకు లేదు, నీ ముక్కు తుడిచి పెంచినదాన్ని కాబట్టి. కానీ నాకో గుబులుంది లియాఖత్. అబద్ధం చెప్పడం ఈయనకు రాదు. రానిపని అప్పగించావు.

హసీనా

*

న్యూఢిల్లీ,
6 అక్టోబర్ 1991

ఆపాకు,

నైరోబీ నుంచి వచ్చాను. నిద్ర సరిగా పట్టడం లేదు. ముందు మంచి మాట. మొదటి లెక్కలు వచ్చాయి. వాళ్లు పుస్తకంలో వేసినదానిలో పదోవంతు కూడా లేదు మన మళ్లలో. ఇంకా అన్నిచోట్లవీ రావాలి. డిసెంబరులో జెనీవాలో మళ్లీ కూర్చున్నప్పుడు ఈ లెక్కను బల్ల మీద పెడతారట. అప్పటిదాకా గుప్పిట మూసి ఉంచాలి. దుల్హాభాయి సీసాల గురించి ఇక్కడ ల్యాబులో మెచ్చుకున్నారు, ఒక్కటి కూడా కారలేదట. ఆయనకు చెప్పు.

ఇప్పుడు రెండో మాట. నైరోబీలో టీ తాగేచోట ఆ పెద్ద దేశం మనిషి ఒకడు నవ్వుతూ నా పక్కకు వచ్చాడు. మీది ఏ ప్రాంతం, అక్కడ వరి పండుతుందా, చెరువుల కిందనా, కాలువల కిందనా అని కుశలం అడిగినట్టే అడిగాడు. మాది రాళ్ల దేశం, జొన్నలు తింటామన్నాను. తిరిగి వచ్చాక మన భద్రతవాళ్లు నన్ను పిలిచి ఆ మనిషితో ఏం మాట్లాడావని అడిగారు. మేం మాట్లాడిన సంగతి వాళ్లకు ఎవరు చెప్పారో నాకు తెలియదు. కరాచీలో ఉండిన మన చిన్నాన్న గురించి మళ్లీ అడిగారు. ప్రతి ప్రయాణానికి ముందూ అడుగుతారు. ఆయన పోయి ఎన్నేళ్లయినా నా ఫైలులో బతికే ఉన్నాడు. ఈ ఏడాది మొదట్లో ఎడారి దేశాల్లో యుద్ధం అయినప్పటి నుంచీ నా పేరు చదివేటప్పుడు వాళ్ల గొంతు కొంచెం ఆగుతున్నది. నా భ్రమేనేమో.

ఊళ్లోకి కొత్తవాళ్లు ఎవరైనా వస్తే, కెమెరాలతో గానీ, చెరువుల గురించి అడుగుతూ గానీ, వెంటనే రాయి. దుల్హాభాయిని జాగ్రత్తగా ఉండమను.

లియాఖత్

*

మల్లాయపల్లి,
8 నవంబర్ 1991

లియాఖత్,

కొత్తవాళ్లు వస్తే రాయమన్నావు. వచ్చారు. కెమెరాలతో కాదు, తుపాకులతో.

వారం కింద అడవి రోడ్డు మీద మందుపాతర పేలి పోలీసు జీపు పల్టీ కొట్టింది. ఒక కానిస్టేబుల్ కాలు పోయిందట, ఆ పిల్లవాడి తల్లి ఎట్లా ఉందోగానీ. ఆ తర్వాత రోడ్డు మీద క్యాంపు వేశారు. ఊరూరూ జల్లెడ పడుతున్నారు. మొన్న మధ్యాహ్నం జానయ్య మడి దగ్గరికి వచ్చారు. వరిలో పెట్టె, పెట్టెలోంచి తీగలు, తీగలకు బ్యాటరీ. చూసినవాళ్లు చూసినట్టే గట్టు వెనక బోర్లా పడుకున్నారట. ఒకడు దూరం నుంచి రాళ్లు వేయడం మొదలుపెట్టాడు. వేపచెట్టు కింద అన్నం తింటున్న ఈయన చెయ్యి కడుక్కోకుండానే పరుగెత్తాడు.

"పగలగొట్టకుండ్రి సార్, సర్కారు సామాను."

"ఏ సర్కారు? ఏం సామాను?"

"వరి మందు పరీక్ష సార్."

వ్యవసాయ శాఖ మనిషిని పిలిపించారు. మాకు అట్లాంటి పరీక్షేదీ తెలియదన్నాడు. ఆయన తప్పేముంది, నిజంగానే తెలియదు. అప్పుడు మన ఐలేశం, మేలు చేద్దామని, "మందు కాదు సార్, నీళ్ల లెక్క. ఊరంత ఎర్కే" అన్నాడు. ఒక పెట్టెకు రెండు కథలయ్యాయి. కొల్లాపూర్‌లో దుకాణం తెరిపించారు. రేడియోల దుకాణంలో ఏముంటాయి? తీగలు, బ్యాటరీలు, తుకడాలు. అన్నీ గోనెసంచిలో వేసుకుని, ఈయన్ని కూడా జీపెక్కించుకుని పోయారు.

నిన్న క్యాంపుకు పోయాను. చూడనిచ్చారు. కుడి చెంప వాచి ఉంది. నేను చూస్తున్నానని తెలిసి అటు తిప్పుకున్నాడు. "నీ తమ్ముని పేరు ఎత్తకు. ఆని నౌకరికి ముప్పొస్తది. నేను మాటిచ్చిన" అన్నాడు. నేను ఇన్‌స్పెక్టరుకు నిజమే చెప్పాను, ఇది ఢిల్లీ ప్రభుత్వం చేయిస్తున్న పని అని. "ఢిల్లీల ఎవరు? కాగితం చూపెట్టు" అన్నాడు. కాగితం మీద ఏమీ ఉండకూడదని రాసిన మహానుభావుడివి నువ్వు. పేరు నా నాలుక చివర ఉంది. ఈయన ముఖం చూసి మింగేశాను.

ఒక్క కాగితం పంపు. పెట్టె మాది, మనిషి మావాడు. రెండు ముక్కలు, కింద ముద్ర. మీ పెద్దల సంతకం చాలు. ఇంట్లో పొయ్యి వెలిగించి మూడు పూటలైంది. అమ్మీకి హైదరాబాద్ పోయాడని చెప్పాను. ఈసారి నమ్మలేదు.

హసీనా

*

న్యూఢిల్లీ,
16 నవంబర్ 1991

ఆపా,

నీ ఉత్తరం అందింది. వెంటనే మా డైరెక్టరుతో మాట్లాడాను. ఆయన చాలా బాధపడ్డారు. కానీ ఇది చిన్న సంగతి కాదు. కాగితం ఇక్కడ నుంచి హోం శాఖకు, అక్కడ నుంచి హైదరాబాద్‌కు, అక్కడ నుంచి జిల్లాకు పోవాలి. అన్ని చేతులు మారితే పత్రికల్లోకి ఎక్కకుండా ఉండదు. మన పెట్టెల మీద రాళ్లు పడుతున్నాయని, కొలిచేవాణ్ని మనమే జైల్లో పెట్టామని జెనీవాలో తెలిస్తే మన లెక్క మొత్తం చెత్తబుట్టలో పడేస్తారు. దేశం సంగతి ఆలోచించు. సమావేశం అయిపోగానే అన్నీ సర్దుకుంటాయి. అప్పటిదాకా ఓపిక పట్టు. తప్పు చేయనివాడిని ఎన్నాళ్లు ఉంచుతారు?

మంచి వకీలును పెట్టు. ఖర్చుకు పంపుతున్నాను.

లియాఖత్

*

మహబూబ్‌నగర్,
29 నవంబర్ 1991

లియాఖత్,

ఈ ఉత్తరం బస్టాండు దగ్గర హోటల్లో కూర్చుని రాస్తున్నాను. తీరిగ్గా రాయాలని ఉంది. కుదరదు.

ముందు నా తెలివి సంగతి చెబుతాను. నీ కాగితం వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోలేక, నేనే రుజువు చేస్తాననుకున్నాను. ఇన్‌స్పెక్టరును బతిమాలి చెరువు అంచుకు పిలుచుకొచ్చాను. సీసా నిండా నీళ్లు నింపి, బురద నీటిలో బోర్లించి, కట్టెతో అడుగున కెలికాను. బుడగలు లేచి సీసాలో చేరాయి. నీళ్లలోనే మూత పెట్టి బయటికి తీశాను. ఏడో తరగతి పిల్లలకు ఏటా చేసి చూపించే పాఠమే. పిల్లలు చప్పట్లు కొడతారు.

"సూడుండ్రి సార్, గిది బురదల పుట్టే గ్యాసు. గిదెంత వస్తదో లెక్క తీసుడే మా ఆయన పని" అని అగ్గిపుల్ల గీసి మూత తీశాను. నీలం మంట లేచింది. ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు.

"అంటే గిది అంటుకుంటది."

"అంటుకుంటది సార్."

"గిదే సీసాలల్ల నింపి ఢిల్లీకి పంపిస్తుండు."

"ఔ సార్."

ఔను అన్న తర్వాత నా చెవులకు నా మాట వినిపించింది. అప్పటికే కానిస్టేబుల్ రాసుకుంటున్నాడు. పట్టుబడిన వాడి భార్య మంటలు లేచే గ్యాసు ఎట్లా తీయాలో స్వయంగా చేసి చూపించింది అని. మరునాడే ఈయన్ని మహబూబ్‌నగర్ జైలుకు మార్చారు. పెద్ద కేసు పెట్టారు. బెయిలు రాదట. నా మొగుణ్ని నా చేతులతోనే ఇంకొంచెం లోపలికి తోశాను. ఇది రాస్తుంటే చెయ్యి కొరుక్కోవాలనిపిస్తున్నది.

వకీలు అమరేందర్ మంచివాడు. "అమ్మా, నేనెంత కొట్లాడినా గాలిల కత్తి తిప్పుడే. పెట్టె మాది అని ఎవడన్న ఒక సర్కారోడు చెప్తే కేసు నిలబడదు" అన్నాడు.

ఆ కాగితం ఇప్పుడే పంపించమని అడుగుదామని టెలిఫోన్ బూతుకు పోయాను. నువ్వు సీట్లో లేవన్నారు. డైరెక్టరునే ఇమ్మన్నాను. ఆయనే వచ్చాడు, మర్యాదగల మనిషి. గులాం నబీ అనే మనిషి కాగితం సంగతి అని అడిగాను. ఆ పేరు నేను ఎన్నడూ వినలేదమ్మా అన్నాడు. ఈ నెలలో ఆ మనిషి కోసం మీ దగ్గరికి ఎవరూ రాలేదా అన్నాను. లేదు, మీరెవరు అన్నాడు.

నేను ఎవరో చెప్పలేదు లియాఖత్. ఫోన్ పెట్టేశాను. నేను చెబితే నీ అబద్ధం ఆయనకు తెలిసిపోయేది. బూతులోంచి బయటికి వచ్చాక నా మీద నాకే అసహ్యం వేసింది. లోపల మొగుడు తన్నులు తింటుంటే తమ్ముణ్ని కాచుకునే ఆడదాన్ని నేను.

దేశం సంగతి ఆలోచించమన్నావు. దేశం నీ ఎదుటి గదిలోనే కూర్చుని ఉంది. నువ్వు తలుపు తట్టలేదు.

ఎందుకో నాకు తెలియదు. నువ్వే చెప్పు. లేకపోతే చెప్పకు. కాగితం మాత్రం పంపు.

హసీనా

*

జెనీవా,
15 డిసెంబర్ 1991

ఆపా,

నీ ఉత్తరం బయల్దేరే రోజు అందింది. విమానంలో చదివాను, ఇక్కడ ప్రతి రోజూ చదువుతున్నాను.

నేను డైరెక్టరును అడగలేదు. రెండుసార్లు ఆయన గది దాకా పోయి వెనక్కి వచ్చాను. భయపడ్డాను. మందుపాతర అనే మాట, గులాం నబీ అనే పేరు, అతని బావమరిది లియాఖత్ అలీ. ఈ మూడూ ఒకే కాగితం మీద చదివిన మనిషి తర్వాత నన్ను ఎట్లా చూస్తాడో నాకు తెలుసు. కరాచీ చిన్నాన్నకే ఇన్నేళ్లు జవాబు చెప్పాను. ఇంక ఈ గదుల్లోకి నన్ను రానివ్వరు. నాకు ఈ గదులు కావాలి ఆపా. మన చెరువు, మన వరి గురించి మాట్లాడేచోట మనవాడు ఒకడు ఉండాలని నాకు నేను చెప్పుకున్నాను. అది కూడా అబద్ధమే. గొప్పగా ఉంటుంది ఇక్కడ. అంతే.

నిన్న జరిగింది విను. మనవాళ్లు లెక్క బల్ల మీద పెట్టారు. ఆ పెద్ద దేశం వాళ్లు మేం స్వయంగా వచ్చి చూస్తే తప్ప నమ్మమన్నారు. మా నాయకుడు లేచి, మా మళ్లలోకి తనిఖీకి ఎవరూ రావడానికి వీల్లేదన్నాడు. అరుపులు, సభ వాయిదా. బయట వరండాలో ఆ నైరోబీ టీ మనిషే నన్ను కూర్చోమని, సంచిలోంచి ఒక పెద్ద ఫొటో తీసి పరిచాడు. ఆకాశం మీద నుంచి తీసింది. కృష్ణ ఒంపు తిరిగేచోట నేను గుర్తుపట్టాను. కొల్లాపూర్ పైన గోరంత పచ్చగా ఉన్నది మన చెరువు కింది ఆయకట్టు. "ఇక్కడ కూడా కొలుస్తున్నారు కదా" అన్నాడు. నేను మొహం పక్కకు తిప్పుకున్నాను. "మొహం దాచుకోకండి. మీ సీసాల్లో గ్యాసును లెక్కగట్టే యంత్రం మా దేశంలోనే కొన్నారు. బిగించడానికి వచ్చినవాళ్లు సీసాల మీద ఊళ్ల పేర్లు చదివారు" అని నవ్వాడు.

వాళ్లకు అన్నీ తెలుసు. తెలియంది మన పోలీసులకు, డైరెక్టరుకు. ఎవరి దగ్గర దాచాలని దుల్హాభాయి దెబ్బలు తింటున్నాడో వాళ్లు ఆ ఊరి పేరు చదివి, నా పక్కన కూర్చుని కాఫీ తాగుతున్నారు.

అక్కడ నుంచి లేచి నేరుగా పోస్టాఫీసుకు పోయాను. మన జిల్లా పోలీసు పెద్దకు తంతి ఇచ్చాను. పెట్టె భారత ప్రభుత్వానిది, గులాం నబీ మా పని చేస్తున్నాడు, అతను నా అక్క భర్త, అతన్ని ఎన్నుకున్నది నేను, నిజం చెప్పవద్దన్నదీ నేను. కింద నా పేరు, హోదా, ఆఫీసు నంబరు. ఇచ్చిన తర్వాత వచ్చి డైరెక్టరుకు చెప్పాను. ముందు చెబితే ఆగమంటాడని. ఆయన అరవలేదు. "ఇది నవంబరులో చెప్పి ఉంటే ఒక్క ఫోన్‌తో పోయేది" అన్నాడు. రేపటి విమానానికి నన్ను వెనక్కి పంపుతున్నారు.

క్షమించమని అడగడానికి నోరు రావడం లేదు.

లియాఖత్

*

మల్లాయపల్లి,
12 జనవరి 1992

లియాఖత్‌కు,

ఈయన ఇంటికి వచ్చాడు. ఇది ముందు రాస్తే నువ్వు మిగతాది చదవగలవు.

నీ తంతి అందిన మరునాడే అమరేందర్‌ను పిలిపించారు. పోలీసు పెద్ద హైదరాబాద్‌కు, ఢిల్లీకి ఫోన్ చేసి కనుక్కున్నాడట. కేసు ఎత్తెయ్యడానికి ఇంకొన్నాళ్లు పట్టింది. జైలు దగ్గర ఆ ఇన్‌స్పెక్టరే ఎదురయ్యాడు. "గీ ముక్క మొదలే చెప్తే అయిపోవు గదమ్మా, మేమేమన్న పగోళ్లమా" అన్నాడు. నాకు తిట్టాలనిపించింది. కానీ ఆ కాలు పోయిన పిల్లవాడు ఈ ఇన్‌స్పెక్టరు కిందివాడేనట. గేటు వైపు నడిచాను.

పెట్టె పగిలిపోయింది. జానయ్య వరి కోసుకున్నాడు. యాదమ్మ కొత్త బియ్యం తెచ్చి గడపలో పెట్టి పోయింది. ఐలేశం రోజూ వచ్చి, "నా నోట్ల మన్ను వడ. నీళ్ల లెక్కని అన్నది నేనే గద" అని అరుగు మీద కూర్చుంటాడు. అమ్మీ ఇప్పుడు నన్ను ఏ ఉత్తరమూ చదవమని అడగడం లేదు.

ఈయన కుడిచేతి రెండు వేళ్లు ముడుచుకోవడం లేదు. దవాఖానలో చూపించాం, నరం దెబ్బతిన్నదన్నారు. దుకాణం తెరిచాడుగానీ సన్న పని చేతకావడం లేదు. స్క్రూ పట్టుకుంటే జారిపోతున్నది. జారినప్పుడల్లా ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూస్తాడు. నేను చూడనట్టు ఉంటాను.

నిన్ను వేరే సెక్షన్‌లో వేశారని, పాత ఫైళ్లకు దారం కట్టే పని అని నీ కార్డులో రాశావు. నాకు జాలి కలగలేదు. కలుగుతుందేమోనని నాలుగు రోజులు చూసి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

ఇప్పుడు అసలు మాట. జైలు గేటు దాటి బయటికి వచ్చిన ఈయన మొదట అన్నది నా పేరు కాదు. "ఎంత అడిగినా లియాఖత్ పేరు చెప్పలే. నా నోట్లకెల్లి రాలే" అన్నాడు. ముఖమంతా గర్వం. తర్వాత, "పాపం, వాడు ఢిల్లీల నా కోసం ఎన్ని గడపలు ఎక్కి దిగిండో. కడుపుల పెట్టుకుని సాదిన బిడ్డ తీరు కొట్లాడిండు. దేశంగాని దేశం పోయి కూడ నన్ను మరువలే" అన్నాడు. బస్సులో పక్క సీటు మనిషికి కూడా చెప్పాడు. ఊళ్లో అందరికీ చెబుతున్నాడు. నా సాలా లేకుంటే ఈపాటికి నేను పోయేవాణ్ని అని.

నేను నిజం చెప్పలేదు. చెప్పాలని రెండుసార్లు నోరు తెరిచాను. ఆ వేళ్లను ఆయన దేనికోసం ఇచ్చాననుకుంటున్నాడో, అది కూడా ఆయన చేతిలోంచి లాక్కోవడానికి నాకు మనసు రాలేదు. నీ కోసం కాదు, బాగా గుర్తుపెట్టుకో. నువ్వు కూడా చెప్పొద్దు. కాళ్ల మీద పడి ఏడ్చి, అంతా చెప్పేసి, గుండె తేలిక చేసుకుని రైలెక్కి పోదామనుకునేవు. ఆ సుఖం నీకు లేదు.

సెలవు పెట్టి రా. ఈయన నిన్ను చూడాలని తొందర పడుతున్నాడు. కోడిని కూడా తనే చూసిపెట్టాడు. నిన్ను పక్కన కూర్చోబెట్టుకుంటాడు. నీ గురించి నీకే చెబుతాడు, ఐలేశాన్ని, జానయ్యను పిలిచి వాళ్ల ఎదుట మళ్లీ చెబుతాడు. నువ్వు వింటూ కూర్చో. కుడిచెయ్యి గరిటె పట్టదు కాబట్టి నీకు ఎడమచేత్తో వడ్డిస్తాడు, ఏమనుకోకు బేటా అంటాడు. నువ్వు ఏమీ అనకు. పెట్టింది తిను.

హసీనా